తొందరపడని చేతులు

తాగుడు ఆపి కొన్ని గంటలైన మనిషి మంచం మీద కూర్చుని ఉంటాడు. నర్సు వచ్చి చేతులు ముందుకు చాపమంటుంది, వేళ్ళు విడదీసి పెట్టమంటుంది. వణుకు కనిపిస్తే ఎంత ఉందో చూసి రాసుకుంటుంది. కనిపించకపోతే అక్కడితో వదలదు. తన వేలి కొనలను అతని వేలి కొనలకు ఆనించి చూస్తుంది. కంటికి అందని వణుకు వేలికి అందుతుంది. దానికీ ఒక మార్కు ఉంది: 1.

ఆ తర్వాత అడిగే ప్రశ్నలు కూడా అంతే నాజూకైనవి. ఒంటిమీద ఏమైనా పాకుతున్నట్టు ఉందా, సూదులు గుచ్చుతున్నట్టు ఉందా? చుట్టుపక్కల చప్పుళ్ళు మామూలుకన్నా గట్టిగా వినిపిస్తున్నాయా, వాటికి ఉలిక్కిపడుతున్నావా? దీపం వెలుతురు కళ్ళల్లో గుచ్చుకుంటోందా? ఈ రోజు ఏ తేదీ? వాంతి వచ్చేలా ఉండడం, చెమట, ఆందోళన, కుదురుగా కూర్చోలేకపోవడం, తలనొప్పి, అన్నీ కలిపి 10 అంశాలు, గరిష్ఠంగా 67 మార్కులు. దీన్ని సీవా పట్టిక అంటారు. కెనడాలోని టొరంటోలో తయారైన 15 అంశాల పాత పట్టికను 1989లో పదికి కుదించి ఈ రూపం ఇచ్చారు. నర్సు దీన్ని మొదట గంటకో రెండు గంటలకో ఒకసారి, కుదురుకున్నాక కొంచెం ఎడంగా, రాత్రీ పగలూ మళ్ళీ మళ్ళీ నింపుతుంది. మార్కు పెరిగితే మాత్ర ఇస్తారు, తగ్గితే ఇవ్వరు. మనిషి ఒంట్లో లేస్తున్న తుఫానును అతనికన్నా ఒక గంట ముందు పసిగట్టి, సరిపడా మందే ఇచ్చి, పగలు కూడా మత్తులో పడేయకుండా ఒడ్డుకు చేర్చే పని ఇది. చూస్తే ఒక కాగితం, ఒక పెన్ను. దాని వెనకున్న నేర్పు మాత్రం ఏ శస్త్రచికిత్సకూ తీసిపోదని నా నమ్మకం.

వ్యసనం నుంచీ, దాని అడుగున ఉండే పాత గాయాల నుంచీ బయటపడడానికి కొన్ని వారాలో నెలలో ఒక చోట ఉండి చేయించుకునే చికిత్స గురించి మనకు రెండే బొమ్మలు తెలుసు. ఒకటి సినిమాల్లో చూపించే ఖరీదైన విశ్రాంతి గృహం. రెండోది తాళం వేసిన గది. ఈ రెంటి మధ్య, ఏళ్ళ తరబడి తప్పులు దిద్దుకుంటూ, చేతులు మారుతూ తయారైన ఒక పనితనం ఉంది. దాన్ని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

నేనిది రాస్తున్నది సింగపూర్ వన్-నార్త్ నుంచి. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్న దేశం కాబట్టి ఈ ప్రాంతానికి ఆ పేరు పెట్టారు. సుమారు 200 హెక్టార్లు. వాస్తుశిల్పి జహా హదీద్ గీసిన ప్రణాళిక. బయోపొలిస్‌లో జీవశాస్త్ర ప్రయోగశాలలు, ఫ్యూజనొపొలిస్‌లో సాఫ్ట్‌వేర్, ఇంజినీరింగు. మధ్యాహ్నం భోజనాల వేళ ఈ భవనాల కింద నిలబడితే తెలుగు వినపడకుండా ఉండదు. మెదడు గురించి, మందుల గురించి ఇంత పరిశోధన జరిగే చోట, మన వాళ్ళలో ఎవరికైనా తాగుడు చేయి దాటిపోతే ఏం చేస్తారో తెలుసా? సెలవు పెట్టి చెప్పకుండా ఇండియా వెళ్ళిపోతారు. ఇక్కడ తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందో, వర్క్ పాస్ ఏమవుతుందో అన్న భయం. అక్కడ తెలిస్తే చెల్లెలి పెళ్ళి ఏమవుతుందో అన్న భయం. రెండు భయాల మధ్య ఆ మనిషి విమానంలో కూడా ఇంకో రెండు గ్లాసులు అడుగుతాడు.

మెట్రో సర్కిల్ లైన్‌లో వన్-నార్త్ నుంచి రెండు మూడు స్టేషన్లు దాటితే పాసిర్ పంజాంగ్ వైపు యూ సియాంగ్ రోడ్డులో బ్రేక్‌త్రూ మిషన్స్ ఉంది. తానే ఒకప్పుడు హెరాయిన్‌కు బానిసైన సైమన్ నియో 1983లో మొదలుపెట్టిన క్రైస్తవ సంస్థ అది. మత్తు వదిలించుకోవాలనుకునే మగవాళ్ళు అక్కడే ఉండి, కలిసి వండుకుని, ప్రార్థించి, పని నేర్చుకుంటారు. సింగపూర్‌లో ఇలాంటి హాఫ్‌వే హౌస్‌లు ఇంకా ఉన్నాయి. 1987లో మొదలైన ది హెల్పింగ్ హ్యాండ్‌లో ఉన్నవాళ్ళు ఇల్లు మారేవారి సామాన్లు మోస్తారు, ఫర్నిచర్ పని చేస్తారు. హిందూ ఎండోమెంట్స్ బోర్డు కూడా ఆశ్రమం పేరుతో ఒకటి నడుపుతోంది. వీటన్నిటికీ వెనక 1970ల చరిత్ర ఉంది. హెరాయిన్ ఊరంతా పాకిన ఆ రోజుల్లో, 1977లో ఆపరేషన్ ఫెర్రెట్ పేరుతో ప్రభుత్వం పెద్ద ఎత్తున దాడులు చేసి, పట్టుబడ్డవాళ్ళను నిర్బంధ పునరావాస కేంద్రాలకు పంపింది. చట్టం మనిషిని లోపల పెట్టగలదు. బయటికొచ్చాక మొదటి ఆదివారం సాయంత్రం ఏం చేయాలో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని పూరించడానికి ఒకప్పుడు ఆ బాధ పడినవాళ్ళే ముందుకొచ్చారు. ఇక ఆసుపత్రి చికిత్స విషయానికొస్తే, మద్యానికి, జూదానికి, మాదకద్రవ్యాలకు చికిత్స ఇచ్చే జాతీయ వ్యసన చికిత్సా విభాగం బువాంకాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థలో ఉంది. తాగుడుకు చికిత్స అడిగి వెళ్ళడం నేరం కాదు. ఈ ఒక్క మాట మన వాళ్ళ చెవిన వేయడానికైనా ఈ వ్యాసం పనికొస్తే సంతోషం.

ముందు శరీరం సంగతి తేల్చాలి. మన ఇళ్ళల్లో తాగుడు మాన్పించడమంటే ఒట్టు వేయించడం, లేదా గదిలో పెట్టి గడియ వేయడం. ఎన్నో ఏళ్ళుగా రోజూ తాగిన మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మతి చలించి, లేనివి కనిపించి, గుండె దడదడలాడి ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఎంత నిజమో తెలంగాణ ఊళ్ళు 2015 సెప్టెంబరులో చూశాయి. కల్తీ కల్లు మీద ప్రభుత్వం ఉక్కుపాదం మోపింది. ఆ కల్లులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం. సరఫరా ఆగిపోగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. ఫిట్స్, పిచ్చి చూపులు, తమలో తాము మాట్లాడుకోవడం. జిల్లా ఆసుపత్రులూ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమూ కిటకిటలాడాయి. కూలి పని చేసుకునే ముసలమ్మలు కూడా ఉన్నారు వాళ్ళలో. తాము మత్తు బిళ్ళలకు అలవాటు పడ్డామని వాళ్ళకు తెలియదు. సాయంత్రం ఒక సీసా కల్లు తాగామనే అనుకున్నారు. విషం ఆపడం సరైన పనే. కానీ విషానికి అలవాటైన ఒంటిని మెట్టు మెట్టుగా కిందికి దించే చేతులు ముందే సిద్ధంగా ఉండాలి. వైద్యులు అప్పుడు చేసిందల్లా అదే: ఆ బిళ్ళల కుటుంబానికే చెందిన మందును లెక్క ప్రకారం ఇచ్చి, లెక్క ప్రకారం తగ్గించడం.

ఇక్కడ ఇంకో చిన్న నేర్పు చెప్పాలి. ఏళ్ళ తరబడి తాగి, సరిగా తినని మనిషి ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ నిండుకుని ఉంటుంది. నీరసంగా ఉన్నాడు కదా అని ముందే గ్లూకోజ్ ఎక్కించేస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కళ్ళు సరిగా తిరగవు, నడక తూలుతుంది, మనసు అయోమయమవుతుంది. ముదిరితే కొత్త జ్ఞాపకాలు నిలవవు. అందుకే తెలిసిన చోట థయమిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. చవకైన మందు, క్రమం తెలిసిన చేయి. కాలేయం పాడైన మనిషికైతే మామూలుగా వాడే క్లోర్‌డయాజెపాక్సైడ్ బదులు లోరాజెపామ్ ఎంచుకుంటారు, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టడానికి కాలేయం అంతగా కష్టపడనక్కర్లేదు. ఇవన్నీ వైద్యులకు రోజువారీ విషయాలు. మా ఊళ్ళల్లో వీధి చివర బోర్డు పెట్టుకున్న కేంద్రాల్లో ఎన్నింటికి తెలుసో అన్నదే నా బాధ.

ఇలాంటి చికిత్స మన దేశంలో ఒక పద్ధతిగా నిలబడిందంటే చెన్నైలో ఒక స్త్రీ పడిన దుఃఖం కారణం. కేంద్ర ఆర్థిక మంత్రిగా చేసిన టి.టి.కృష్ణమాచారి కుటుంబపు కోడలు శాంతి రంగనాథన్. భర్త టి.టి.రంగనాథన్ తాగుడు వల్ల చిన్న వయసులోనే 1979లో చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి వ్యసన చికిత్సా కేంద్రం హేజల్డెన్‌లో శిక్షణ తీసుకుని వచ్చి, 1980లో భర్త పేరు మీద క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ప్రారంభించారు. టీటీకే ఆసుపత్రి అంటే చెన్నైలోనే కాదు, నెల్లూరు, చిత్తూరు వైపు కూడా తెలిసిన పేరు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1999లో ఐక్యరాజ్యసమితి వియన్నా సివిల్ సొసైటీ అవార్డు ఇచ్చింది. బిరుదులకన్నా నన్ను ఆకట్టుకునేది ఆమె చేసిన మార్పులు.  ఇక్కడ భార్య, తల్లి కూడా ఏళ్ళ తరబడి దెబ్బతిని ఉంటారు కాబట్టి కుటుంబానికి విడిగా కార్యక్రమం పెట్టారు. చెన్నై దాకా రాలేని పల్లె జనం కోసం తంజావూరు ప్రాంతపు మంజక్కుడిలో శిబిరాలు మొదలుపెట్టారు. ఊళ్ళోనే ఒక చోట, సుమారు 15 రోజులు, తెలిసిన మనుషుల మధ్య చికిత్స. సిగ్గు ఎక్కడ పుట్టిందో అక్కడే దాన్ని పోగొట్టాలన్న ఆలోచన అది. ఎంత ధైర్యం ఉంటే వస్తుంది!

మళ్ళీ మంచం మీది మనిషి దగ్గరికి వద్దాం. వారం గడిచింది. చేతుల వణుకు తగ్గింది, అన్నం సయిస్తోంది, నిద్ర కొంచెం పడుతోంది. అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. మత్తు ఇన్నాళ్ళూ కప్పి ఉంచినవి పైకి తేలతాయి. చిన్నప్పుడు తండ్రి బెల్టు దెబ్బలు, చీకట్లో ఎవరో బంధువు చేసిన పని, కళ్ళముందు లారీ కింద పడిన స్నేహితుడు, పురుగుమందు తాగిన నాన్న. అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ సంబంధాన్ని అంకెల్లో పెట్టింది. చిన్నతనంలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాల కష్టాలు చూసినవాళ్ళకు తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. అంటే వార్డులో తాగుబోతులని మనం అనుకునేవాళ్ళలో చాలామంది తమకు తెలిసిన ఒకే ఒక నొప్పిమందు వాడుకున్నవాళ్ళు.

ఇప్పుడేం చేయాలి? సహజంగా తోచేది, కూర్చోబెట్టి అంతా చెప్పించడం. మనసులోది కక్కేస్తే తేలికవుతుందని మన పెద్దవాళ్ళూ అంటారు. మంచి చికిత్సకుడి నేర్పు ఇక్కడే తెలుస్తుంది. ఆగుతాడు. మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పింది: ముందు భద్రత, తర్వాత గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో కలవడం. మొదటి మెట్టు ఎక్కకుండా రెండో మెట్టు మీదికి లాగితే మనిషి తిన్నగా సీసా దగ్గరికే వెళ్తాడు. ఎందుకంటే ఆ జ్ఞాపకం రేపే మంటను ఆర్పడానికి అతని చేతిలో ఇంకో సాధనం లేదు.

ఆ మొదటి మెట్టును ఒక చేతిపనిలా చెక్కిన మనిషి లీసా నజవిట్స్. ఆమె 1990లలో తయారు చేసి 2002లో పుస్తకంగా తెచ్చిన సీకింగ్ సేఫ్టీ అనే చికిత్సా గ్రంథాన్ని చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం ఈ వ్యాసానికి అసలు మూలం. వ్యసనం, మానసిక గాయం రెండూ ఉన్నవాళ్ళకు రెంటికీ ఒకేసారి, ఒకేచోట చికిత్స. అప్పటిదాకా ముందు తాగుడు మాని రా, తర్వాత గాయం సంగతి చూద్దాం అని తిప్పి పంపేవారు. గాయం వల్లే తాగుతున్న మనిషి ఏ గుమ్మం ఎక్కాలి?

ఇందులో 25 అంశాలున్నాయి. సాయం అడగడం, నిజాయితీ, కోపం నుంచి కోలుకోవడం, గిరి గీసుకోవడం, మన సమయాన్ని గౌరవించుకోవడం, ఇలా. ఒక్కొక్కటి దేనికదే పూర్తి. ఏ వరుసలోనైనా చేయవచ్చు. రచయిత్రికి వార్డు సంగతి ఎంత బాగా తెలుసో ఈ ఒక్క నిర్ణయం చెబుతుంది. అక్కడికి ఒకడు సోమవారం వస్తాడు, ఇంకొకడు గురువారం వెళ్ళిపోతాడు. పదో పాఠం అర్థం కావాలంటే తొమ్మిది విని ఉండాలన్న నియమం పెడితే సగం మంది మధ్యలోనే మిగిలిపోతారు. ఎవరు ఏ రోజు వచ్చినా, ఆ ఒక్క రోజే ఉన్నా, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళాలి.

ప్రతి సమావేశం ఒకే తీరుగా నడుస్తుంది. మొదట ఒక్కొక్కరూ కొన్ని ప్రశ్నలకు క్లుప్తంగా జవాబు చెప్పాలి. ఎలా ఉన్నావు? పోయినసారి నుంచి నిన్ను నువ్వు బాగా నిలబెట్టుకున్న సందర్భం ఏది? మత్తు గానీ, ఇంకే ప్రమాదకరమైన పని గానీ చేశావా? పోయినసారి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావా? వరుస గమనించండి. ఏం తప్పు చేశావన్న ప్రశ్నకు ముందు ఏం బాగా చేశావన్న ప్రశ్న ఉంది. జీవితమంతా సంజాయిషీ ఇచ్చుకుంటూ బతికిన మనిషికి ఈ వరుస ఎంత ఊరటో! తర్వాత పైకి చదివే ఒక చిన్న వాక్యం, దానిమీద రెండు మాటలు. తర్వాత ఆనాటి అంశం ఉన్న కాగితాలు, వాటిని తమ బతుకుకు అన్వయించుకునే చర్చ. చివర వెళ్ళే ముందు, ఈ రోజు నుంచి ఏం తీసుకెళ్తున్నావు, వచ్చేలోపు ఏం చేస్తానని మాటిస్తున్నావు. వారానికి రెండుసార్లు ఇలా జరిగితే, ఏది ఎప్పుడు అడుగుతారో తెలిసి ఉండడమే సగం వైద్యం. ఇంట్లో ఎప్పుడు ఏ పిడుగు పడుతుందో తెలియకుండా పెరిగినవాళ్ళకు ముందే తెలిసిన వరుస ఒక ఆసరా.

ఈ చికిత్సలో గాయం పేరు చెప్పవచ్చు. వివరం చెప్పనివ్వరు. ఎవరైనా ఉద్వేగంలో ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పుకుపోతుంటే నడిపే మనిషి మెల్లగా ఆపుతుంది. వినేవాళ్ళలో ఇంకో నలుగురికి అలాంటి రాత్రే ఉంది. ఒకరి కథ ఇంకొకరి నిద్ర చెడగొట్టకూడదు. ఆపేటప్పుడు ఆ మనిషికి తోసిపుచ్చినట్టు అనిపించకూడదు కూడా. ఎన్నాళ్ళ అనుభవం ఉంటే ఆ గొంతు కుదురుతుందో!

గ్రౌండింగ్ అనే అంశాన్ని ఇంకాస్త దగ్గరగా చూడాలి. పాత జ్ఞాపకం ముంచెత్తి, ఎక్కడున్నానో తెలియకుండా పోతున్న మనిషిని ఈ గదిలోకి, ఈ నిమిషంలోకి తీసుకురావడం. మొదట నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పమంటారు. తర్వాత గదిలో ఉన్న ఎర్ర రంగు వస్తువులన్నీ పైకి చెప్పు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పు. అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించు. చన్నీళ్ళు చేతుల మీద పోసుకో. నీకిష్టమైన వాళ్ళ మొహాలు తలచుకో. చివర మళ్ళీ అంకె అడుగుతారు. తొమ్మిది ఆరయిందా, చాలు. నన్ను బాగా ఆలోచింపజేసిన సూచన ఇంకోటి ఉంది: కళ్ళు తెరిచే ఉంచు, దీపం వేసే ఉంచు. మనం ఎవరికి మనసు బాగోకపోయినా చెప్పే మొదటి సలహా కళ్ళు మూసుకుని ధ్యానం చేయమని. చాలామందికి అది మేలే చేస్తుంది. కానీ కళ్ళు మూయగానే ఆ పాత గదే కనిపించే మనిషికి అదే నరకం. యోగా, ధ్యానం అందరికీ ఒకే గంటలో తప్పనిసరి చేసే మన కేంద్రాలు ఈ ఒక్క పేజీ చదివితే బాగుండును.

ఈ గ్రంథాన్ని మెచ్చుకుంటున్నానని దాని హద్దులు దాచను. అమెరికాలో ఏడు కేంద్రాల్లో 353 మంది స్త్రీలతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. ఈ చికిత్స తీసుకున్నవాళ్ళకు గాయపు లక్షణాలు బాగా తగ్గాయి. పోల్చడానికి మామూలు ఆరోగ్య పాఠాలు విన్న బృందంలోనూ దాదాపు అంతే తగ్గాయి. 2012లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఇంకో అధ్యయనం, సరైన జాగ్రత్తలతో అయితే వ్యసనంలో ఉన్నవాళ్ళ చేత కూడా గాయాన్ని వివరంగా చెప్పించి మేలు చేయవచ్చని చూపింది. కాబట్టి ఎప్పటికీ తాకకూడదని ఎవరూ అనలేరు. శిక్షణ పొందిన మనిషి, రోగి ఒక్కడే ఉన్నప్పుడు, సమయం చూసి, రోగి ఒప్పుకున్నాక తాకవచ్చు. పదిమంది కూర్చున్న గదిలో మూడో రోజున తాకకూడదు. వారం రోజుల శిక్షణతో కౌన్సెలర్ అయినవాళ్ళు ఎక్కువగా ఉన్న మన దగ్గర, ఆగమని నేర్పే పద్ధతి ఎంత విలువైనదో ఆ పరీక్షల అంకెలు కొలవలేవని నా అభిప్రాయం.

ఈ ఓర్పు ఒక్కరోజులో రాలేదు. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడరిక్ పెట్టిన చికిత్సా సంస్థ సినానన్‌లో ఒకప్పటి బానిసలే ఒకరికొకరు వైద్యులు. అది గొప్ప ఆలోచన. కానీ వాళ్ళ పద్ధతి అందరూ కలిసి ఒకణ్ణి మాటలతో చీల్చి చెండాడడం. చివరికి ఆ సంస్థ హింసాత్మకమైన మత బృందంలా మారి కూలిపోయింది. ఆ నిలదీసే అలవాటు మాత్రం ఎన్నో కేంద్రాల్లో మిగిలిపోయింది. దానికి జవాబుగా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో వేరే దారి చూపించాడు: మనిషి మారడానికి తనకున్న కారణాలు తన నోటితో తనే చెప్పేలా వినడం. మన దగ్గర తిట్టడం, కొట్టడం, గొలుసు వేయడం ఇంకా అక్కడక్కడా నడుస్తూనే ఉన్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఒక మానసిక రోగుల షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది కదలలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, రోగి హక్కులను రాసిపెట్టింది. మా బంధువుల్లో ఒకరిని చేర్చిన చోట ఆ హక్కుల కాగితం గోడకు అతికించి ఉంది, గేటుకు తాళం కూడా వేసి ఉంది. నెల తర్వాత అతను మానేయడం నేర్చుకుని రాలేదు. కుటుంబం మీద కోపం నేర్చుకుని వచ్చాడు.

మంచి చోట ఉండే గౌరవం చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. గదిలోకి వచ్చే ముందు తలుపు తట్టడం. ఇంజెక్షన్‌కు ముందు చెయ్యి పట్టుకోనా అని అడగడం. రాత్రి వసారాలో ఒక దీపం వెలుగుతూనే ఉంచడం. పొద్దున్నే కూరగాయలు తరిగే వంతు ఎవరిదో బోర్డు మీద రాయడం. కొత్తగా వచ్చినవాడికి ముందు ఊడ్చే పని, నాలుగు వారాలకు వంటగది తాళం చెవి. తాళం చెవి ఇవ్వడం చిన్న విషయంగా కనిపించవచ్చు. ఇంట్లో బీరువా తాళాలు అతని కంట పడకుండా దాచిన రోజులు అతనికి గుర్తున్నాయి.

చివరి పని ఇంటికి పంపడం. చికిత్స నిజంగా తెలిసినవాళ్ళు దీన్ని చేరిన రోజునుంచే మొదలుపెడతారు. నారుమడిలో పచ్చగా ఉన్న మొక్క పొలంలో నాటాక కొన్నాళ్ళు వాడుతుంది. వాడుతుందని తెలిసే రైతు ముందుగా నీళ్ళు పెడతాడు. ఇదీ అంతే. నల్లమందు జాతి మత్తు వాడినవాళ్ళకైతే మరీ ప్రమాదం: కొన్ని వారాలు మానేశాక ఒంటికి పాత ఓర్పు పోతుంది, పాత మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ సంగతి సిగ్గుపడకుండా, కుటుంబం ముందే, స్పష్టంగా చెప్పి పంపాలి. తాగినవాళ్ళకు వేరే జాబితా ఉంటుంది. జీతం పడిన సాయంత్రం ఏ దారిన ఇంటికి వస్తావు? పెళ్ళిలో బావమరిది గ్లాసు చేతికిస్తే ఏమంటావు? వన్-నార్త్‌లో పనిచేసేవాడికైతే, శుక్రవారం టీమంతా బయటికి వెళ్దామన్నప్పుడు నువ్వేం తాగుతావు? జవాబులు వార్డులోనే, పైకి, ఎదురుగా ఇంకొకరిని కూర్చోబెట్టి అలవాటు చేయిస్తారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏ రెండు కలిసినా ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద ఉంటుంది.

మళ్ళీ తాగడం కూడా ఆ ప్రణాళికలో ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లట్ 1980లలో చూపించింది ఇదే: ఒక్క గ్లాసు తాగగానే అంతా పోయిందన్న నిరాశే మిగతా సీసా తాగిస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు మనిషికి, మనిషితోపాటు భార్యకు, చెల్లికి, ఫోన్ ఎత్తే స్నేహితుడికి కూడా ఏం అనాలో చెబుతారు. ఎందుకు తాగావని అడగకండి. ఇప్పుడు ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, ఎంత తాగావు, అన్నం తిన్నావా, బండి తాళం ఎక్కడుంది, ముందు ఇవి అడగండి. మిగతావి పొద్దున్న కౌన్సెలర్ దగ్గర మాట్లాడుకోవచ్చు.